నల్ల టేపు

నంద్యాల చెక్‌పోస్టు దాటినాక ఎడమ పక్క రేకుల షెడ్డు.
బండిని బయట కడిగేది మద్దిలేటి.
లోపలంతా నాది.

నా పనికి నీళ్లు పనికిరావు.
పాత పెయింటు కుంచె ఒకటి, అర అంగుళానిది,
నాలుగు మెత్తటి గుడ్డలు, చెవి పుల్లల డబ్బా.
ఏసీ కంతల్లో కుంచె పెట్టి మెల్లగా తిప్పితే
మట్టి రాలుతాది.
పత్తికొండ బండయితే ఎర్రది,
ఆదోనిదయితే నల్లది, ఒక్కోసారి పత్తి నూగుతో సహా.
బేతంచెర్లదయితే పిండి మాదిరి రాతిపొడి.
నంబరు ప్లేటు చూడకుండానే ఊరు చెబుతా.

గేరు పక్క గుంటలయితే ఇంకా వాగుడుకాయలు.
టోలు చీటీలు, బుడ్డల పొట్టు,
ఒలికిన టీలో అతుక్కుపోయిన రూపాయి బిళ్ల,
ఏ పిల్ల ఏడ్చి ఏడ్చి వదిలేసిందో ఒంటి కమ్మ,
పెద్దాసుపత్రి టోకెను, నూట పదిహేడు.
ఏదీ పారేయను.
అన్నీ ఒక కవర్లో వేసి సీటు మీద పెడతా.
ఎవరి చెత్త వాళ్లకు లెక్కే.

మెరిసే నూనె కొట్టమంటారు కొందరు.
వద్దంటా.
మిట్టమధ్యాన్నం ఆ మెరుపంతా లేచి అద్దంలో కూచుంటాది,
ముందున్న లారీ కనపడదు.
సాయంత్రానికి జిడ్డయి
దోవన పోయే దుమ్మునంతా ఇంటికి పిలుచుకుంటాది.
మే నెలలో ఎండకు నిలబెడితే
డాష్‌బోర్డు ఎండిన రేగడి మాదిరి నెర్రెలిస్తాది.
టవలన్నా కప్పు నాయనా అంటే నవ్వుతారు.
ఆ నవ్వినోళ్లే రెండేళ్లకు
పగులు మీద వేలు పెట్టి చూపిస్తా
ఏమన్నా చెయ్యి అక్కా అంటారు.
ఏం చేస్తా.

గాలిసంచి ఉండే చోటే సామి బొమ్మ అతికించింటారు.
ఇటు పక్కకు జరుపుదాం అన్నా,
సంచి పేలితే కాపాడాల్సిన సామే
వచ్చి ముక్కుకు తగుల్తాడు, అంటా.
వింటే విన్నట్టు.

నాకు తోలడం రాదు.
అయినా పని అయినంక తాళం ఒక మెట్టు తిప్పి చూస్తా.
సారు లోపలికొస్తే బడిపిల్లోళ్లు లేచినట్టు
దీపాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి.
ఇంజను స్టార్టయితే ఒక్కొక్కటే కూచుంటాయి.
కూచోకుండా నిలబడిందే, దాందే ఏదో కష్టం.
ఎర్రది నిలబడితే ఆగిపో,
పసుపుది నిలబడితే ఎవరికన్నా చూపించు,
పచ్చది, నీలిది ఊరికే కబుర్లు.
మద్దిలేటి చెప్పినాడు ఇదంతా, ఒక వానరోజు, బేరం లేక.

మొన్న నాపరాళ్ల గిడ్డయ్య బండి వచ్చింది.
తాళం తిప్పినా. అందరూ లేచినారు.
ఒక మూల మాత్రం చీకటి.
తడిమితే టేపు.
కరెంటోళ్ల నల్ల టేపు, గోరంత ముక్క,
కత్తెరతో గుండ్రంగా కోసింది.
ఎంత ఓపిక!
పీకితే కింద పసుప్పచ్చ ఇంజను బొమ్మ
ఎన్నాళ్లుగానో నిలబడే ఉంది పాపం.

"అది ఉత్తదేలేమ్మా, ఎనిమిది నెలల సంది వెలుగుతానే ఉంది.
బండి నడుస్తాంది కదా?
మళ్లా అతికించు."

జిగురు పోయింది అన్నా, అని చెప్పినా.
అబద్ధం.
నా బొటనవేలికి గట్టిగా పట్టుకోనుంది ఆ ముక్క.
గిడ్డయ్య గొణుక్కుంటా పోయినాడు,
ఆ దీపాన్ని ఎదురుగా పెట్టుకోని.
మళ్లా ఏ టేపు వెతికినాడో.

రాత్రి అన్నం ముందర చెయ్యి కడుక్కుంటా చూస్తే
ఇంకా వేలికే ఉంది.
కారు తలుపుల్లో వంగీ వంగీ
కుడి భుజం ఏడాది సంది పైకి లేవదు.
కొప్పు ఎడం చేత్తోనే ముడేసుకుంటా.
ఉత్తదేలే, పని నడుస్తాంది కదా అని
నేనూ ఎవరికో చెప్పినట్టే గుర్తు.

పెద్దాసుపత్రిలో టోకెన్లిచ్చే కిటికీ
పొద్దున ఎన్ని గంటలకు తెరుస్తారో
మద్దిలేటిని అడగాల.